కండెన్సర్లన్నీ పీకేసే ముందు ఆ రొదను కాస్త వినండి!

మోటారుతో, వాల్వులతో నడిచే పాత ఎలక్ట్రిక్ కీబోర్డు వాయిద్యం హామండ్ బీ-3 ఆర్గన్‌లో రొద వస్తోందని ఎవరడిగినా ఒకటే సలహా: "కండెన్సర్లన్నీ (చార్జిని నిల్వచేసే భాగాలన్నీ) మార్చెయ్." చెవి నొప్పంటే పళ్లన్నీ పీకినట్టుంది! రొద ఏ భాగంలో పుడుతోందో సోల్డరింగ్ ఐరన్ ముట్టకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు.

కీ ఏదీ నొక్కకుండా వాల్యూమ్ పెడల్ తొక్కి వదలండి. దాంతోపాటే రొద హెచ్చి తగ్గితే జబ్బు పెడల్‌కు ముందున్న భాగంలో ఉంది. మారకపోతే తర్వాతి దశలనో, పవర్ సప్లైనో, స్పీకర్ వైపునో అనుమానించాలి. ఈ పెడల్ తిప్పేది ఏఓ-28 ప్రీయాంప్ (సన్నటి సిగ్నల్‌ని ముందుగా పెంచే పెట్టె)లోని గాలి కండెన్సర్‌ని, పాత రేడియోల్లో స్టేషన్ మార్చే గ్యాంగ్ లాంటిది. పెడల్ కదిపినప్పుడే గరగరమంటే దాని రేకుల మధ్య దుమ్ము చేరిందన్నమాట. గాలితో ఊదండి, రేకులు వంచకండి.

ఆగకుండా సాగే హమ్‌లోనూ రెండు రకాలు. 60 హెర్ట్జ్ కరెంటు మీద 120 హెర్ట్జ్ బుర్రుమంటే, ఏసీని డీసీగా మార్చే 6ఎక్స్4 వాల్వ్ తర్వాతి ఫిల్టర్ కండెన్సర్ ఎండిపోయి ఉంటుంది. దాన్ని మార్చండి, అభ్యంతరం లేదు. మెత్తటి 60 హెర్ట్జ్ హమ్ అయితే ఎర్త్ లూప్ (ఎర్త్ రెండు దారుల్లో కలవడం), వాల్వులను వేడిచేసే హీటర్ వైరింగ్ చూడాలి, అది కొత్త కండెన్సర్‌తో పోదు. ఫిల్టర్ కండెన్సర్ దగ్గర వందల వోల్టుల డీసీ ఉంటుంది. స్విచ్ ఆపినా చార్జి నిలుస్తుంది కాబట్టి రెసిస్టర్‌తో దించి, మీటర్‌తో చూశాకే చెయ్యి పెట్టండి.

అందరూ తప్పుదారి పట్టేది చిటపటల దగ్గర. దూరంగా ఉరిమినట్టు, మధ్యమధ్య టపటపమని వినిపిస్తే వెంటనే వాల్వుల మీద పడతారు. వైబ్రాటో (స్వరాన్ని వణికించడం) స్విచ్చులు ఆపినా అది పోకపోవచ్చు, అందుకే ఆ వణుకు పుట్టించే స్కానర్ మీదికి అనుమానం పోదు. మోటారుకు బిగించి ఉండే ఆ డబ్బా నుంచి ప్రీయాంప్‌కి వచ్చే తీగను ఊడదీయండి. చప్పుడు ఆగిందా, దొంగ దొరికినట్టే. లోపల 16 చోట్ల రేకుల గుత్తులుంటాయి. ఇన్సులేటర్ల మీద నూనె, మురికి, జింక్ నుంచి మొలిచే సన్నటి నూగు చేరితే కరెంటు లీకవుతుంది. విప్పి, ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరబెట్టాలి. తొందరపడి తడిగానే బిగిస్తే మళ్లీ మొదటికే వస్తారు. నూనె ఎక్కువ పోస్తే వాయిద్యానికి మేలనుకోవడం కూడా పొరపాటే. హామండ్‌కి పనికొచ్చే నూనె ఏడాదికోసారి పోస్తే చాలు.

ఒక్కో కీ దగ్గరే గరగరమంటే కాంటాక్టుల మురికి. ఒక్క మాన్యువల్‌లోనే (ఒక కీల వరుసలోనే) 61 కీలకు తొమ్మిదేసి చొప్పున 549 కాంటాక్టులు! దయచేసి స్ప్రే కొట్టకండి, జిగురు మిగిలి దుమ్ము ఇంకా పట్టేస్తుంది. ముందు ఆ కీని పదిసార్లు చకచకా నొక్కండి. లొంగకపోతే బస్‌బార్లను (కాంటాక్టులు తాకే కడ్డీలను) పక్కకి జరిపే స్క్రూలను కొద్దిగా తిప్పితే కాంటాక్టులు కొత్త చోట ఆనుతాయి. కీ నొక్కగానే వచ్చే 'టిక్' మాత్రం రోగం కాదు. దానికోసమే కదా జనం ఈ ఆర్గన్ కొనేది!

ఇక స్వరాలు పుట్టించే జనరేటర్‌లోని మైనం కండెన్సర్లు. అవి మారిస్తే స్వరం పదునెక్కుతుంది, రంగు మారుతుంది. హమ్ మాత్రం అలాగే ఉంటుంది.

మన దేశానికి తెచ్చుకునేవాళ్లకి మరో మాట: 60 హెర్ట్జ్ బీ-3కి వోల్టేజీ తగ్గించే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ ఒక్కటే పెడితే, మన 50 హెర్ట్జ్ కరెంటు మీద మోటారు నెమ్మదించి శ్రుతి దాదాపు మూడు అర్ధస్వరాలు కిందికి దిగుతుంది. ఫ్రీక్వెన్సీ కన్వర్టర్ కావాలి. అదీ ప్యూర్ సైన్‌వేవ్‌ది. చవకరకం కన్వర్టర్ తన బుర్రును ఆర్గన్‌కి అంటిస్తుంది, మీరేమో పాపం కండెన్సర్లు పీకుతూ కూర్చుంటారు.