తత్వాలు పాడుకున్న భాష మనది

మన తెలుగు సభల్లో సాహిత్య వేదిక ఒక హాల్లో, ఆధ్యాత్మిక ప్రసంగాలు ఇంకో హాల్లో పెడతారు. తరచుగా రెండూ ఒకే టైమ్‌కి. ఈ విడదీయడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

మా ఊళ్లో తత్వం అంటే పాట. రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని "తాతా, రెండు తత్వాలు పాడు" అని అడిగేవాళ్లం. పోతులూరి వీరబ్రహ్మం పేరు మీద వచ్చిన తత్వాలను బడి గడప తొక్కనివాళ్లు కంఠతా పాడేవారు. ఈ దేహం ఏమిటి, కులం ఎక్కడిది అన్న ప్రశ్నలు వాళ్లకు రాగంతోనే చేరాయి.

రచయిత త్రిపురనేని గోపీచంద్ దగ్గర కూడా తత్వం ఇలా సాహిత్యంలో కలిసిపోయే నాకు కనిపిస్తుంది. తండ్రి త్రిపురనేని రామస్వామి చౌదరి పేరున్న హేతువాది. కొడుకు మానవవాది ఎం.ఎన్.రాయ్ భావాలతో నడిచి, తర్వాత యోగి అరవిందుల వైపు మళ్లాడు. 'తత్వవేత్తలు' అని పుస్తకమే రాశాడు. అది చదివితే ఏ తాత్వికుడు ఏం చెప్పాడో తెలుస్తుంది. నాకు నిద్ర లేకుండా చేసింది మాత్రం ఆయన నవల 'అసమర్థుని జీవయాత్ర'.

అందులో సీతారామారావుకు తండ్రి పోతూ పోతూ వంశప్రతిష్ఠ నిలబెట్టమని చెబుతాడు. ఆ మాట కోసం ఆస్తి కరిగిపోతుంది. తర్వాత అన్నిటినీ ప్రశ్నించడం మొదలుపెడతాడు. అంత ఆలోచించే మనిషి ఇంట్లో భార్యను ఏడిపిస్తాడు. కథ శ్మశానంలో ముగుస్తుంది. 'ఎందుకు' అని అడగడం నేర్పిన తండ్రికే గోపీచంద్ ఈ నవలను అంకితం ఇచ్చాడు. తండ్రి ఇచ్చిన ప్రశ్న ఒక మనిషిని ఎంతదూరం తీసుకెళ్లగలదో, ఎక్కడ వదిలేస్తుందో కొడుకు దాచకుండా చూపించాడు. ఆ ధైర్యానికి నేను చేతులెత్తి మొక్కుతాను. వ్యాసంలో అయితే హేతువాదాన్ని గెలిపించి ఊరుకోవచ్చు. నవలలో సీతారామారావు అన్నం తినాలి, అప్పు తీర్చాలి, కూతురి మొహం చూడాలి.

కిందటి చలికాలం మా ఇంట్లో పదిమందిమి కలిసి ఈ నవల చదివాం. వంశప్రతిష్ఠ దగ్గరికి వచ్చేసరికి చర్చ ఆగిపోయింది. ఊళ్లో పెద్ద ఇల్లు కట్టడానికి ఇక్కడ రెండు ఉద్యోగాలు చేసిన ఒకాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "మా నాన్న కూడా ఇదే అడిగాడండీ" అన్నాడు. ఆ రాత్రి పన్నెండు దాటినా ఎవరూ లేవలేదు.

వచ్చే సభల్లో ఒక్క పూటైనా ఆ రెండు హాళ్లనూ కలపమని కార్యవర్గాన్ని అడుగుతున్నాను. ముందు ఒక తత్వం పాడించండి. తర్వాత ఈ నవల మీద మాట్లాడుకుందాం.