పురి కట్టినట్టు గోదాము కట్టాలి

2025 ఆగస్టు 27న మన సరుకుపై అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. కొద్ది రోజులకు భీమవరం దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీకి వెళ్లాను. మైనస్ 18 డిగ్రీల గదిలోంచి ఫోర్క్‌లిఫ్ట్ నడిపే అబ్బాయి మందపాటి కోటుతో బయటికి రాగానే కళ్లద్దాలు తెల్లగా ఆవిరి పట్టాయి. అమెరికా కోసం గడ్డకట్టించిన 30 కౌంట్ (కిలోకు 30 తూగే) రొయ్యల పెట్టెలు లోపల నడవలోనూ పేర్చేశారు. వెనకున్న పెట్టె కావాలంటే ముందు వరసంతా కదపాల్సిందే. కొన్ని నెలల క్రితం అదే గది సగం ఖాళీ అట.

ఇలాంటి చోట్లకే ఇప్పుడు ఎత్తైన ర్యాకులు, వాటి మధ్య తమంత తాము తిరిగే క్రేన్లు తెస్తామంటున్నారు. నేను వద్దనను. ఆ చలిలో మనిషి రోజంతా పనిచేయనక్కర్లేకపోవడమే పెద్ద మేలు. ఎత్తుగా కడితే పైకప్పు విస్తీర్ణం తగ్గుతుంది, పెట్టె ఒక్కింటికి కరెంటు ఖర్చూ తగ్గుతుంది. నా భయమల్లా ఎంత గిరాకీకి కడుతున్నామన్న లెక్క దగ్గరే.

ఇలాంటి గోదాములో పునాది, ర్యాకులు దశాబ్దాలు నిలవాలి. క్రేన్లు అంతకాలం రావు, సాఫ్ట్‌వేర్ ఇంకా ముందే పాతబడుతుంది. గిరాకీ ఒక్క ఉత్తర్వుతో తలకిందులవుతుంది. పైగా మనది ఒండ్రు నేల. నాలుగడుగులు తవ్వితే నీళ్లు. అంత ఎత్తు ర్యాకు నిలవాలంటే లోతుగా పైల్స్, అంటే పునాది స్తంభాలు, దించాలి. నేల కాస్త కుంగినా క్రేన్ సరిగా నడవదు. అలా భూమిలో పోసిన డబ్బును గిరాకీ పడిపోయిందని పైకి తీయలేం.

2012లో గోదాముల్లో సరుకు మోసే కివా రోబోల సంస్థను 77.5 కోట్ల డాలర్లకు కొన్న అమెజాన్ కూడా ఇక్కడే తప్పులో కాలేసింది. కరోనా నాటి గిరాకీ చూసి గోదాములు పెంచుకుంటూ పోయి, అవసరానికి మించి కట్టామని 2022లో తానే ఒప్పుకుంది. అంత పెద్ద సంస్థ తట్టుకుంది. అప్పు తెచ్చి కట్టిన మన ఊరి యజమాని తట్టుకోగలడా?

గోదావరి సగటు ప్రవాహం చూసి ఏటిగట్టు ఎవరూ వేయరు. 1986 వరద మట్టాన్ని గుర్తుపెట్టుకుని వేస్తారు. గోదాముకూ అలాగే, కాకపోతే వరదతో పాటు ఎద్దడినీ లెక్కగట్టాలి.

మన ఇళ్లలో ధాన్యం దాచడానికి గాదె ఉండేది, పురీ ఉండేది. గాదె కొలత మారదు. పురి అలా కాదు: ఎండుగడ్డి తాడు చుట్టుకుంటూ, ధాన్యం పోసుకుంటూ పైకి వెళ్లేవారు. పంట తగ్గిన ఏడు నాలుగు చుట్లు తక్కువ, అంతే. గోదామును విడివిడి గదులుగా కట్టి, ఖాళీ గదికి చలి ఆపేసే వీలుంచడం ఆ పద్ధతే. ముందు ఒక గదికే క్రేన్ పెట్టి, పక్క గదిని మనుషులతో నడపవచ్చు. చైనాకు, యూరప్‌కు, అమెరికాకు ప్యాకింగ్ ఒకటి కాదు కాబట్టి అరలు ఏ పెట్టెకైనా సరిపోవాలి. నిండుగా నింపడమే లాభమనుకోవడమూ పొరపాటే: సుమారు 85 శాతం దాటితే పెట్టెలు అటూ ఇటూ మార్చడంతోనే క్రేన్లకు పొద్దుపోతుంది. ఫోర్క్‌లిఫ్ట్ అబ్బాయిని ఇంటికి పంపకుండా ఆ క్రేన్ల మరమ్మతు నేర్పాలి. ఏ సరుకు ఎప్పుడు కదులుతుందో అతనికి తెలుసు.

అప్పిచ్చే బ్యాంకు ఒక ప్రశ్న తప్పక అడగాలి: వరసగా రెండేళ్లు సగమే నిండితే వాయిదా ఎలా కడతారు? ఇప్పుడు ఎవరూ అడగకపోతే, రేపు ఆ వాయిదాను చెరువు గట్టు మీద కౌంటు ధర కోసి రైతు దగ్గరే రాబట్టుకుంటారు.