మాగాయలో కాలుపెట్టిన వేళ

ఇది రాసేటప్పటికి నా రెండు అరికాళ్ళకీ కలబంద గుజ్జు పట్టించి, కాళ్ళు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాను. చీలమండల దాకా పసుపు. పెళ్ళికూతురి కాళ్ళకి కూడా ఇంత నిండుగా పట్టదు. సబ్బుతో తోమాను, శనగపిండితో తోమాను, పోలేదు. రేపు ఆఫీసుకి ఈ మండే వేసవిలో మేజోళ్ళు వేసుకుని వెళ్ళాలి.

మాది బెజవాడ సత్యనారాయణపురం. నాన్న కట్టిన పెంకుటిల్లు పన్నెండేళ్ళ క్రితం బిల్డర్‌కి ఇచ్చేసి, అదే స్థలంలో లేచిన ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మూడో అంతస్తుకి చేరాం. పాత ఇంటి తాలూకు మిగిలింది ఒక్క మామిడిచెట్టు. అదీ గేటు పక్కన మూలగా ఉంది కాబట్టి బతికిపోయింది. పీచు కాయ, పుల్లన. పండితే పిల్లలు కూడా ముట్టరు గానీ, పచ్చిగా ఉన్నప్పుడు కోస్తే మాగాయకి దాన్ని మించిన కాయ లేదు. ఏటా అమ్మే పెట్టేది. ఈ ఏడు ఆవిడ మోకాళ్ళు మొరాయించాయి. మా లిఫ్టు ఐదో అంతస్తుతో సరి. అక్కణ్ణించి డాబా మీదకి మెట్లెక్కాల్సిందే.

"నేను పెడతాలేవే అమ్మా" అన్నాను. యాభై మూడేళ్ళుగా తింటున్నవాడికి పెట్టడం ఒక లెక్కా అనుకున్నాను. పైగా రెండు రాత్రులు కూర్చుని వీడియోలు చూశాను. పులుపు కొలతలో 4.6 అని ఒక గీత ఉందనీ, దానికంటే పుల్లగా ఉన్న పదార్థంలో బొట్యులిజం క్రిమి పెరగలేదనీ, పచ్చిమామిడి ఆ గీతకి ఇవతలే బాగా పుల్లగా ఉంటుందనీ అమ్మకి వివరించాను. ఆవిడ చెక్కు తీస్తున్న కత్తి ఆపకుండా, "ఉప్పు చాలకపోతే బూజు పడుతుందిరా, అది చూసుకో ముందు" అంది.

ముక్కలు ఐదు గిన్నెలైతే కల్లుప్పు ఒక గిన్నె. ఇది అమ్మ లెక్క. పసుపు మాత్రం నేనే వేశాను, చేతికొచ్చినంత. ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

మూడు రోజులు ఊరాయి. ముక్కలు పిండాం, ఊట దిగింది. ఆవకాయలా కలిపి జాడీలోకి ఎత్తేస్తే అయిపోదు మాగాయ. పిండిన ముక్కల్ని ఎండలో పెట్టాలి, ఊటనీ ఎండలో పెట్టాలి, తర్వాత రెండూ మళ్ళీ కలపాలి. కాబట్టి మొన్న శనివారం ఉదయం పది గంటలకి పాత పంచె, ముక్కల గిన్నె, ఊట పోసిన వెడల్పాటి ప్లాస్టిక్ బేసిన్ (పులుపుకీ అల్యూమినియానికీ పడదు) పట్టుకుని రెండు విడతలుగా డాబా ఎక్కాను.

ఇక్కడ మా అసోసియేషన్ గురించి చెప్పాలి. డాబా మీద తినుబండారాలు ఎండబెట్టరాదు అని మా ప్రెసిడెంటు గారు పోయిన వేసవిలో గ్రూపులో నోటీసు పెట్టారు. కాకులొస్తాయట. డాబా తలుపుకి పదకొండు నుంచి ఐదు దాకా తాళం. పిల్లలు ఎండలో ఆడి వడదెబ్బ తింటారట. ఆ నోటీసు పెట్టిన ప్రెసిడెంటు గారే ఏటా జూన్‌లో ఒక ఖాళీ హార్లిక్స్ సీసా మా ఇంటికి పంపిస్తారు, "మీ అమ్మగారి చేతి మాగాయ" అంటూ. ముక్కలు ఎక్కడ ఎండుతాయని ఆయన ఉద్దేశమో నాకు తెలీదు. ఆయన గుమ్మంలోనా?

సరే. పచ్చడి ఉన్న చోటికి చెప్పులతో వెళ్ళకూడదని అమ్మ ఆజ్ఞ. చెప్పులు తలుపు బయట, మెట్ల మీద విడిచాను. పంచె పరిచాను, ముక్కలు ఆరబోశాను, బేసిన్ మీద పల్చటి గుడ్డ కప్పాను. కాకుల్ని తోలడానికి కర్ర పట్టుకుని ట్యాంకు వెనకాల నీడలో కూర్చున్నాను. ఫోన్‌లో ఏదో చూస్తుంటే అది వేడెక్కిందనీ, చల్లారేదాకా పనిచేయననీ తెర మీద రాసి పడుకుంది. ఫోన్ పడుకుందని నేనూ కునుకు తీశాను.

మెలకువ వచ్చేసరికి తలుపు తాళం పడి ఉంది.

వాచ్‌మన్ కుర్రాణ్ణి నేనేమీ అనను. పదకొండుకి వెయ్యమన్నారు, పదకొండుకి వేశాడు. కానీ మెట్ల మీద నా చెప్పులున్నాయి కదా! గుడి బయట చెప్పుంటే లోపల భక్తుడున్నట్టు, డాబా బయట చెప్పుంటే డాబా మీద మనిషున్నట్టు కాదా? తర్వాత తెలిసింది, చెప్పులు కనిపించాయట. మెట్ల మీద చెప్పులు ఉండరాదు అని ఇంకో నోటీసుందట. అందుకని తీసుకెళ్ళి కింద వాచ్‌మన్ గదిలో భద్రపరిచాడు.

తలుపు బాదాను. పిట్టగోడ మీంచి అరిచాను. మే నెల మిట్టమధ్యాహ్నం బెజవాడలో కిటికీ తెరిచి ఉంచే ఇల్లెక్కడుంటుంది? పదిహేను ఫ్లాట్ల ఏసీలు ఒక్క గొంతుతో నన్ను మించి అరుస్తున్నాయి. ఒక మాగాయ ముక్క గురిచూసి కిందకి విసిరాను. దాన్ని గాల్లోనే కాకి అందుకుంది. ప్రెసిడెంటు గారు కాకుల గురించి చెప్పింది నిజమే, ఒప్పుకుంటాను.

అప్పటికి ట్యాంకు నీడ పోయింది. ఎటు పోయిందా అని దాని చుట్టూ తిరిగాను. మిట్టమధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడుతుందని చిన్నప్పటి నుంచీ నా నమ్మకం. మే మొదటివారం దాటితే బెజవాడలో సూర్యుడు నడినెత్తిని దాటి కాస్త ఉత్తరానికే జరుగుతాడని, నీడ దక్షిణానికి పడుతుందని, అదీ బెత్తెడేనని ఆ రోజు అరికాళ్ళతో నేర్చుకున్నాను. ఆ బెత్తెడులో ఒక పాదం అడ్డంగా పెట్టొచ్చు. రెండో పాదం ఎక్కడ పెట్టుకోవాలో భూగోళ శాస్త్రం చెప్పదు.

శ్లాబు పెనంలా ఉంది. అట్టు వేసినట్టు ఒక కాలు వేయడం, తిరగేసినట్టు ఎత్తడం. కొంతసేపు చొక్కా విప్పి దాని మీద నిలబడ్డాను. పాలిస్టర్ కలిసిన చొక్కా, దానికీ శ్లాబుకీ తేడా లేదు. పంచె మీద నిలబడదామంటే ముక్కలు. అమ్మ కళ్ళ ముందు కనిపించింది. ముక్కలు తొక్కే ధైర్యం లేదు. ట్యాంకులో చల్లటి నీళ్ళున్నాయి, ఎక్కడానికి నిచ్చెన కావాలి. నిచ్చెన ఎక్కడుందో మీరే ఊహించండి. అదీ తాళంలోనే.

డాబా మొత్తం మీద కాలు పెట్టగలిగిన చల్లటి చోటు ఒక్కటే. గుడ్డ కింద, జానెడు లోతున, పసుప్పచ్చగా.

వెంటనే పెట్టలేదు. నేనూ సంస్కారం ఉన్నవాణ్ణే. ముందు గుడ్డ తీసి చూశాను. తర్వాత చుట్టూ చూశాను. ఎదుటి అపార్ట్‌మెంట్‌లో ఎవరూ లేరు. ముందు కుడికాలు పెట్టాను, అత్తారింటి గడప దాటినట్టు. గోరువెచ్చగా ఉంది, అయినా శ్లాబుతో పోలిస్తే కృష్ణలో దిగినట్టే. ఎడమకాలు కూడా పెట్టేశాను. అబ్బా అనుకున్నాను. ఆ అబ్బా పది సెకన్లు. పదకొండో సెకనులో ఉప్పూ పులుపూ కలిసి నా మడమల పగుళ్ళు కనుక్కున్నాయి.

ఉప్పు ముక్కలోంచి నీటిని బయటికి లాగేస్తుంది, నీరు లేని చోట బూజు బతకదు, నిల్వ పచ్చడి రహస్యమంతా ఇదే అని వీడియోలో ఆవిడెవరో ఎంతో చక్కగా చెప్పింది. ఆ లాగడం ముక్క వైపు నుంచి ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేదు. నేను చెప్పగలను. అరగంటకి వేళ్ళు ముడతలు పడ్డాయి. బయటికొస్తే కాలుతుంది, లోపలుంటే మండుతుంది. చొక్కా తలకి చుట్టుకుని, లుంగీ మోకాళ్ళ పైకి ఎగ్గట్టి, చేత్తో కాకుల కర్ర పట్టుకుని, బేసిన్‌లో నిలబడి ఉన్నాను. అప్పుడు ఎదుటి అపార్ట్‌మెంట్ బాల్కనీలోకి ఒకావిడ బట్టలు తీసుకోవడానికి వచ్చింది. చూసింది. నేను చెయ్యి ఊపాను, సాయం కోసం. ఆవిడ దణ్ణం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఏ మొక్కు అనుకుందో.

ఒంటిగంట దాటాక, అన్నానికి రాలేదేమిటా అని మా ఆవిడ వెతుక్కుంటూ తాళంచెవితో వచ్చింది. తలుపు తెరుచుకునే చప్పుడుకి బేసిన్‌లోంచి దూకి, గుడ్డ కప్పేసి, చాలా మామూలుగా, "ముక్కలు బాగా ఎండుతున్నాయి" అన్నాను. ఆవిడ నా మొహం చూడలేదు. కాళ్ళకేసే చూసింది.

అమ్మ అడిగింది ఒకటే మాట. "ఎంతసేపు నిలబడ్డావురా?"

సాయంత్రం గ్రూపులో ఫోటో వచ్చింది. డాబా నుంచి మూడో అంతస్తు దాకా మెట్ల మీద పసుప్పచ్చటి అడుగులు, ఒక్కొక్కటీ పది నంబరు చెప్పంత. కింద ప్రెసిడెంటు గారి నోటీసు: మెట్లు కడిగించిన ఖర్చు రెండొందలు సంబంధిత ఫ్లాట్ వారు చెల్లించవలెను. అడుగులు సరిగ్గా మా గుమ్మం ముందు ఆగాయి కాబట్టి సంబంధిత ఫ్లాట్ ఏదో ఎవరూ అడగలేదు. నేను చెప్పుల సంగతి రాశాను. "చెప్పులుంటే మనిషున్నట్టు అని బైలాస్‌లో ఎక్కడా లేదు సార్" అని సమాధానం. రెండొందలు కట్టేశాను.

అమ్మ చెట్టు నుంచి ఇంకో పదిహేను కాయలు కోయించి, కొత్త ఊటకి ఉప్పు కలుపుతోంది. ఈసారి పసుపు డబ్బా నాకు అందని చోట పెట్టింది.

ఇందాకే కాలింగ్ బెల్ మోగింది. పైన స్లిప్పు అంటించిన ఖాళీ హార్లిక్స్ సీసా. ఈ ఏడు కాస్త ముందే పంపించారు. పాత ఊట బేసిన్ ఇంకా వంటింటి బాల్కనీలోనే ఉంది. పారబొయ్యమని అమ్మ పొద్దున్నుంచీ చెప్తోంది. పారబోస్తాను, తొందరేముంది.