తడవకుండా మునుగుట ఎట్లు?

నీళ్లలో దిగినవాడు తడుస్తాడన్నది తాతముత్తాతల నాటి నుంచి మనలో పాతుకుపోయిన మొరటు నమ్మకం. 1837లో అగస్టస్ సీబె లోహపు శిరస్త్రాణానికి నీరు చొరని దుస్తులను బిగించి మనుషులను సముద్రంలోకి దింపినప్పుడే ఈ నమ్మకానికి బీటలు పడినప్పటికీ, ఆ వెలుగు విశాఖపట్నంలో మా ఇంటి దాకా రావడానికి ఇంతకాలం పట్టింది. నార్వేలో ఉద్యోగం చేస్తున్న మా బావమరిది వేసవిలో వస్తూ తన పాత డ్రై సూట్ మోసుకొచ్చి, "బావగారూ, ఇది వేసుకుని దిగితే ఒంటికి చుక్క నీరు తగలదు" అని నా చేతిలో పెట్టాడు.

ఐస్‌లాండ్‌లోని సిల్ఫ్రా చీలికలో నీరు ఏడాది పొడుగునా 2 నుంచి 4 డిగ్రీల మధ్య ఉంటుందనీ, నీరు గాలి కన్నా సుమారు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుందనీ, అందుకే అక్కడివాళ్లు లోపల మందపాటి బట్టలు తొడుక్కుని పైన ఈ సూటు బిగిస్తారనీ, గోరువెచ్చని బంగాళాఖాతానికి దీనితో పనేమిటనీ కొందరు మిత్రులు నాకు బోధించబోయారు. మే నెల ముహూర్తానికి పెళ్లికొడుక్కి త్రీపీస్ సూటు తొడిగి, రిసెప్షన్ వేదిక మీద మూడు గంటలు నిలబెట్టి, ప్రతి ఫొటోకూ ముందు చెమట తుడిపించే జాతికి, వాతావరణాన్ని బట్టి బట్టలు వేసుకోమని చెప్పడం న్యాయమేనా అని నేను అడిగేసరికి, వారు కాఫీ ముగించి లేచారు. అయినా, 2001లో నౌకాదళం నుంచి విరమించిన కురుసుర జలాంతర్గామిని ఆర్కే బీచ్ ఇసుక మీదికి లాగి, నీళ్లలో తిరగవలసినదాన్ని 2002 నుంచి ఒడ్డున ఆరబెట్టిన ఊరు మనది. ఒడ్డున ఉండవలసినవాడు నీళ్లలో పొడిగా ఉంటానంటే ఈ ఊరికి అభ్యంతరం ఉండనక్కరలేదు.

మొదటి పాఠం ఈతకొలనులో జరిగింది. లోతుకు వెళ్లేకొద్దీ సూటులోని గాలి నలిగి, పది మీటర్ల దగ్గర సగమైపోతుందనీ, అప్పుడు సూటు ముడతలు పడి చర్మాన్ని గిల్లుతుందనీ, రొమ్ము మీది బొత్తాం నొక్కి గాలి నింపుకోవాలనీ, పైకి వచ్చేటప్పుడు ఎడమ మోచెయ్యి ఎత్తి భుజం దగ్గరి వాల్వు గుండా ఆ గాలిని వదిలేయాలనీ శిక్షకుడు ఓపికగా చెప్పాడు. నేను బొత్తాం నొక్కడం బాగా నేర్చుకున్నాను. వదలడం అంతగా వంటబట్టలేదు. మితిమీరిన గాలి కాళ్లలోకి చేరగా, రెండు పాదాలూ ఆకాశానికి, శిరస్సు పాతాళానికి అభిముఖంగా నేను నిలిచిపోతే, పక్క వరుసలో ఈత నేర్చుకుంటున్న పిల్లలు అదొక ఆసనమనుకుని చప్పట్లు కొట్టారు. అలాంటప్పుడు మోకాళ్లు ముడుచుకుని పిల్లిమొగ్గ వేయాలట. ఆ సంగతి ముందే చెప్పి ఉండవచ్చు.

సముద్రంలో దిగడానికి రుషికొండ చేరేసరికి ఉదయం పదైంది. ఒడ్డున సూటు తొడుక్కోవడమన్నది నీళ్లలో మునగడం కన్నా పెద్ద విద్య. లోపల ఉన్ని లాంటి బట్టలు వేసుకున్నాను. అవి మానకూడదని బావమరిది ఒట్టు వేయించుకున్నాడు. మెడ దగ్గర లేటెక్స్ పట్టీకి పసిపిల్లల పౌడరు దట్టంగా రాసి, శిక్షకుడూ ఆయన సహాయకుడూ చెరొకవైపు పట్టుకుని సాగదీస్తూ, "ఒక్క తోపు సార్!" అని ప్రోత్సహించగా నా తల ఈ లోకంలోకి రెండోసారి వచ్చింది. జిప్పు మూసిన క్షణం నుంచి గాలికి ప్రవేశం లేదు, చెమటకు నిష్క్రమణ లేదు. లఘుశంకకు ఏమి ఏర్పాటుందో వివరించడానికి నా సంస్కారం అడ్డువస్తున్నది.

వల సర్దుకుంటున్న ఒక జాలరి నన్ను ఎగాదిగా చూసి, "ఒంట్లో బాగోలేదేటి బాబూ?" అని పరామర్శించాడు. చుక్క తడవకుండా సముద్రంలోకి వెళ్లి వస్తానని చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "తడవకూడదంటే ఇంటికాడే ఉండొచ్చు కదేటి" అన్నాడు. శాస్త్ర సాంకేతిక విషయాలలో మత్స్యకారులకు అవగాహన కల్పించవలసిన అవసరం ఎంతైనా ఉంది.

ఇరవై నిమిషాల తరువాత ఒడ్డెక్కి జిప్పు తీస్తే లోపలి బట్టల నుంచి నీళ్లు కారాయి. సూటు కారిందా, నేను కారానా అన్నది తేలవలసి వచ్చింది. రుచి చూద్దామంటే రెండూ ఉప్పనే. చివరకు శిక్షకుడు సూటు నిండా గాలి కొట్టి, అతుకుల మీద సబ్బునీళ్లు రాసి చూశాడు. ఒక్క బుడగైనా రాలేదు. సముద్రం నిర్దోషి అని తేలింది.

ఇక మిగిలింది సూటును భద్రపరచడం. మంచినీటితో కడిగి డాబా మీద ఆరేయబోతుంటే బావమరిది ఫోనులోనే కేకలు వేశాడు. ఎండకూ వేడికీ లేటెక్స్ పాడైపోతుందట, చల్లగా, పొడిగా, చీకటిగా ఉన్న చోట వేలాడదీయాలట. విశాఖపట్నంలో మే నెలలో మా ఇంట్లో అటువంటి చోటు ఏసీ గది ఒక్కటే. ప్రస్తుతం ఆ గదిలో సూటు హాయిగా వేలాడుతున్నది. నేనూ మా ఆవిడా హాల్లో ఫ్యాను కింద పడుకుంటున్నాం.