మంచుకు గ్యారంటీ ఎవరిస్తారు?

దసరా దాటితే చాలు, హనుమకొండ చౌరస్తా నుంచి కరీంనగర్ బస్టాండు దాకా కశ్మీర్ టూర్ల ఫ్లెక్సీలు లేస్తాయి. మోకాలి లోతు మంచు, అందులో నవ్వుతూ నిలబడ్డ కుటుంబం, కింద పెద్ద అక్షరాలతో ‘సంక్రాంతి సెలవుల స్పెషల్’. వాట్సాప్‌లో తిరిగే పాంప్లెట్లలో కొన్ని ఇంకో అడుగు ముందుకేసి ‘గుల్మార్గ్‌లో మంచు ఆటలు గ్యారంటీ’ అంటాయి. విమానం టికెట్టుకు, హోటల్ గదికి గ్యారంటీ ఇస్తే ఇవ్వొచ్చు. మంచుకు ఇచ్చే అధికారం మాత్రం ఏ ట్రావెల్స్ వాళ్లకూ లేదు. జనవరిలో వెళ్తే మంచు ఉండి తీరుతుందన్న నమ్మకానికి ఈ మధ్య వరుసగా దెబ్బలు తగులుతున్నాయి.

2024 జనవరి సంగతే చూడండి. కశ్మీరీలు చిల్లై కలాన్ అని పిలుచుకునే నలభై రోజుల గడ్డు చలికాలం డిసెంబరు 21న మొదలవుతుంది. ఏడాది మొత్తంలో మంచు దట్టంగా పడాల్సిన రోజులవి. ఆ ఏడు అవి దాదాపు పొడిగానే గడిచిపోయాయి. గుల్మార్గ్ మైదానంలో ఎండిన గడ్డి కనిపించింది. మంచు మీద జారే స్కీ ఆటకు బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు ఖాళీగా కూర్చున్నాయి. జనవరి ఆఖరులో ఆకాశం కరుణించాక, ఫిబ్రవరి 21న అక్కడే ఖేలో ఇండియా వింటర్ గేమ్స్ అనే మంచు క్రీడల పోటీలు మొదలయ్యాయి. సరిగ్గా ఆ రోజే ఇక్కడ మేడారంలో సమ్మక్క సారలమ్మ జాతర మొదలైంది. కురవక కురవక ఒక్కసారిగా కురిసిన మంచు ఎంత ప్రమాదమో మర్నాడే తెలిసింది. గుల్మార్గ్ ఎగువన మంచుచరియ విరుచుకుపడి ఒక విదేశీ స్కీయర్ చనిపోయాడు.

మరుసటి ఏడు కథ ఇంకోలా నడిచింది. 2024 డిసెంబరు చివరి వారంలో శ్రీనగర్‌లో భారీగా మంచు పడి విమానాలు ఆగిపోయాయి. ఇక ఈ సీజన్ పండినట్టే అనుకున్నారు. తర్వాత వారాలు చాలావరకు పొడిగా పోయి, గుల్మార్గ్‌లో 2025 ఫిబ్రవరి 22న మొదలవ్వాల్సిన ఖేలో ఇండియా పోటీలను మంచు చాలక వాయిదా వేశారు. చివరికి మార్చి 9 నుంచి 12 దాకా జరిపారు. ఉత్తరాఖండ్‌లోని ఔలిలో 2023 ఫిబ్రవరిలో జరగాల్సిన జాతీయ పోటీలైతే మంచు లేక ఏకంగా రద్దయ్యాయి. అక్కడ కృత్రిమ మంచు యంత్రాలు ఉండీ ఫలితం లేకపోయింది. అవి పనిచేయాలన్నా గాలి నీళ్లను గడ్డకట్టించేంత చల్లగా ఉండాలి, నీళ్లూ దండిగా కావాలి.

హిమాలయాల్లో చలికాలపు మంచుకు మన నైరుతితో సంబంధం లేదు. మధ్యధరా సముద్రం వైపు పుట్టి, ఎత్తున వీచే పడమటి గాలుల మీద ఎక్కి, ఇరాన్, అఫ్గానిస్థాన్‌ల మీదుగా వచ్చే వాతావరణ వ్యవస్థలు దాన్ని కురిపిస్తాయి. వాతావరణ శాఖ వీటిని పశ్చిమ అవాంతరాలు అంటుంది. అవి గట్టిగా వస్తే రెండు రోజుల్లో అడుగుల లెక్కన మంచు పడుతుంది. బలహీనపడినా, దారి మార్చుకుని ఉత్తరానికి జరిగినా వారాల తరబడి ఎండే. వచ్చినప్పుడు కూడా గాలి వెచ్చగా ఉంటే పల్లంలో వాన పడి, మంచు పైన శిఖరాలకే పరిమితమవుతుంది. గుల్మార్గ్ ఊరు సుమారు 2,650 మీటర్ల ఎత్తున ఉంటే, గొండోలా అనే కేబుల్ కారు రెండో దశ 3,900 మీటర్లు దాటి అఫర్వత్ కొండ దాకా ఎక్కిస్తుంది. అందుకే కింద మట్టి, పైన తెల్లటి కొండ అన్న దృశ్యం అక్కడ కొత్తేమీ కాదు. గాలి జోరు పెరిగితే ఆ రెండో దశే ముందు ఆపేస్తారు. పాంప్లెట్‌లో ఈ ముక్క ఉండదు.

ఆ మంచుతో మనకేం పని అనుకోవడానికి లేదు. అవాంతరం అటు దాటిపోయి ఆకాశం తేటపడ్డాక ఉత్తరాది పొడి చలి మన దాకా దిగుతుంది. ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్(యు), తిర్యాణిలలో ఉష్ణోగ్రత సింగిల్ డిజిట్‌కు పడిపోవడంలో దాని పాత్ర ఉంది. నూటనలభై ఏళ్ల కిందటే వాతావరణ శాఖ మొదటి అధిపతి బ్లాన్‌ఫోర్డ్, హిమాలయాల్లో మంచు ఎక్కువ పడితే ఆ ఏడు వానలు తగ్గుతాయని 1884లో ప్రతిపాదించాడు. దాని ఆధారంగానే 1886 నుంచి రుతుపవనాల అంచనాలు ఇవ్వసాగారు. ఆ లంకె తర్వాత పలచబడింది, ఇప్పుడు సముద్రాల వేడిదే పెద్దమాట. అయినా మన వానల అంచనా కోసం హిమాలయాల మంచు వైపు చూసిన కాలం ఒకటుందన్నది నిజం.

ఇక్కడి కుటుంబాలకు ఇంకో చిక్కుంది. మంచు గట్టిగా పడే రోజులు ఫిబ్రవరి, మార్చిలకు జరిగితే మన పిల్లలకు అవి ఇంటర్, పదో తరగతి పరీక్షల రోజులు. సెలవులు దొరికేది సంక్రాంతికే. టూర్లు అమ్మేవారికి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే జనవరినే అమ్ముతారు. అప్పు చేసి, పండుగ మానుకుని నలుగురు బయల్దేరితే గుల్మార్గ్ దిగువన ఉన్న తంగ్‌మార్గ్‌లో కోట్లు, గమ్‌బూట్లు అద్దెకు తీసుకుని, పైకెళ్లి గడ్డి మీద ఫొటో దిగి రావాల్సి వస్తుంది. గైడును నిలదీస్తే ‘దేవుడి చేతిలో ఉంది సార్’ అంటాడు. డబ్బు కట్టించుకున్న రోజున ఆ మాట ఎవరూ చెప్పలేదు.

కోపం గుల్మార్గ్‌లో గుర్రం నడిపేవాడి మీద, స్లెడ్జి బండి లాగేవాడి మీద చూపడం అన్యాయం. వాళ్లది వర్షాధార సేద్యం లాంటి బతుకు. పైగా 2025 ఏప్రిల్ పహల్గాం దాడి తర్వాత యాత్రికులు తగ్గి నష్టపోయినవాళ్లు. అడగాల్సింది ఇక్కడ బోర్డు కట్టి డబ్బు తీసుకున్నవారిని.

తప్పుదోవ పట్టించే ప్రకటనలపై చర్యకు 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వీలుంది, జిల్లా వినియోగదారుల కమిషన్లూ ఉన్నాయి. కానీ మంచు పడలేదని కేసు వేసేవారు ఎందరుంటారు? అంతదాకా రాకుండా చూడటం పర్యాటక శాఖ పని. ‘మంచు గ్యారంటీ’ అన్న మాట వాడకూడదని టూర్ ఆపరేటర్లకు చెప్పాలి. గొండోలా ఆగిపోతే, విమానం రద్దయితే, జమ్ము-శ్రీనగర్ జాతీయ రహదారి మూతపడితే ఎంత డబ్బు వెనక్కిస్తారో రసీదు మీదే తెలుగులో అచ్చు వేయించాలి. అక్కడ మూతపడేది మన నిర్మల్, ఆదిలాబాద్‌ల మీదుగా పోయే 44వ నంబరు రహదారే. బయల్దేరడానికి వారం ముందు వాతావరణ శాఖ అంచనా చూపించి, మంచు లేకపోతే తేదీ మార్చుకునే వీలు ఇవ్వాలి. ఈ ఏర్పాటు దసరా బుకింగులు మొదలయ్యేలోపే జరగాలి, సంక్రాంతికి వెళ్లొచ్చి జనం గొడవ పడ్డాక కాదు.