రూపాయికి రూపాయి... జనం ఇవ్వకపోతే?

‘మీరో రూపాయి ఇవ్వండి, మేమో రూపాయి కలుపుతాం’. ఒంగోలు, నెల్లూరు వీధుల్లో చందా ఫ్లెక్సీలు ఈ మాటకు ఈమధ్య బాగా మరిగాయి. ఫ్లోరైడ్ నీళ్లతో వేగుతున్న కనిగిరి పల్లెల్లో ఆర్వో ప్లాంటు అయినా, బడి ప్రహరీ అయినా ఇదే వరస. నిలువెత్తు దాత ఫొటో, కింద క్యూఆర్ కోడ్, మూలన ‘నెలాఖరు వరకే’. జనం ఇవ్వకపోతే ఆ దాత తన డబ్బు వెనక్కి పట్టుకుపోతాడా? చెప్పండి.

పట్టుకుపోడు. తరచూ జరిగేది ఏమంటే, దాత ముందే మాటిచ్చేసి ఉంటాడు. కొత్తపట్నం నుంచి చేపల బుట్టతో వచ్చే మనిషి యాభై రూపాయలు ఫోన్‌పే కొట్టి, తన యాభై వందైందని మురిసిపోతుంది. ఖాతాలో ఆమె వల్ల చేరింది మాత్రం ఆ యాభయ్యే.

ఇలా చెబితేనే జనం కదులుతారని నిర్వాహకుల వాదన. కదులుతారు, కాదనం. అమెరికాలో కార్లన్, లిస్ట్ అనే ఆర్థికవేత్తలు 50 వేల మంది పాత దాతలకు చందా అడుగుతూ ఉత్తరాలు రాయించి 2007లో ఫలితాలు ప్రచురించారు. ఇచ్చినదానికి జత కలుపుతామంటే ఒక్కో ఉత్తరానికి సగటున వచ్చే మొత్తం 19 శాతం పెరిగింది. రెండింతలు, మూడింతలు కలుపుతామన్నా అంతకు మించి పెరగలేదు. ఆ ఒక్క మాటకే అంత బలముంటే, అది అబద్ధమైనప్పుడు పాపమూ అంతే. జనం ఇవ్వకపోతే ఆ డబ్బు ఎక్కడికి పోతుంది?

కంపెనీలు దిగితే మరీ అన్యాయం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ పరిధిలోని సంస్థ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. నడుస్తున్న పనికి కేటాయించినది కాకుంటే, మిగిలింది చట్టం చెప్పిన నిధికి కట్టాలి. ఎటూ తప్పని ఆ సొమ్ము చూపించి ‘మీరిస్తేనే’ అని కూలీజనాన్ని అడగడం అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టుంది.

ఉద్యోగి తానిచ్చిన చందా రసీదు చూపాకే యాజమాన్యం అంత మొత్తం విడుదల చేసే పద్ధతితో మాకు పేచీ లేదు. అక్కడ ఉద్యోగి ఇవ్వకపోతే యాజమాన్యం పైసా కదలదు.

మిగతావాళ్లు జనాన్ని ఏమార్చడం మానండి. గరిష్ఠంగా ఎంత కలుపుతారో, జనం ఇవ్వకపోతే ఆ డబ్బు ఏమవుతుందో ఫ్లెక్సీ మీదే అచ్చేయండి. దాత ఫొటో కాస్త తగ్గిస్తే ఆ రెండు లైన్లకూ చోటు దొరుకుతుంది.