లెన్సు మీది అనంతం గుర్తు గారికి

మహారాజశ్రీ అనంతం గారికి నమస్కరించి రాయునది ఏమనగా,

ఉభయకుశలోపరి అని రాద్దామంటే నేను కుశలంగా లేను. తమరు మాత్రం నా పాత 58 ఎంఎం లెన్సు ఫోకస్ రింగు చివర, అడ్డంగా పడుకున్న ఎనిమిదిలా, హాయిగానే ఉన్నారు.

నిన్న చీకటితోనే లేచి, ట్రైపాడ్ భుజాన వేసుకుని కొండల ఎదుటికి వెళ్లాను. రింగును తమరి దాకా, అంటే ఎంత దూరానివైనా స్పష్టంగా పడాల్సిన చోటి దాకా, తిప్పాను. ఇంకాస్త తిరుగుతుందేమోనని బలవంతం చేశాను, తిరగలేదు. సూర్యుడొచ్చాడు, ఆ వెలుగు కాస్తా పోయింది. ఎనభై ఫొటోలు తీస్తే ఒక్కదాంట్లోనూ కొండ లేదు, కొండ రంగు ఉంది. దూరపు కొండలు నునుపంటారు. మరీ ఇంత నునుపా అండీ?

ఇంటికొచ్చి లెక్క చూశాను. తమరు పుట్టిన ఎం42 మౌంటులో (మౌంటు అంటే లెన్సును కెమెరాకు బిగించే చోటు) లెన్సు కూర్చునే చోటి నుంచి ఫిల్ము దాకా 45.46 మిల్లీమీటర్లు. నా బాడీది నికాన్ ఎఫ్ మౌంటు, అక్కడ 46.5. రెంటినీ కలిపే అడాప్టర్ రింగు ఎంత పలచనైనా ఆ తేడా తప్పదు. గోరంత ఎడం! అంతమాత్రానికే ఈ లెన్సు చూపు మూడు, మూడున్నర మీటర్ల దగ్గర ఆగిపోయింది. అంటే నా అనంతం ఎదురుగోడ దాకా. 1655లో జాన్ వాలిస్ తమరిని గణితంలోకి తెచ్చింది ఇందుకేనా? అదే కెనాన్ ఈఎఫ్ బాడీ అయితే 44 మిల్లీమీటర్లే కాబట్టి సరిపోయేదట. లోపల అద్దం లేని మిర్రర్‌లెస్ కెమెరాల వాళ్లకైతే అసలు బాధే లేదు. వాళ్ల సంగతి నా దగ్గర ఎత్తకండి.

అడాప్టర్ అమ్మినాయన "బ్రహ్మాండంగా సరిపోతుంది సార్" అన్నాడు. నిజమే, మర చక్కగా ఎక్కింది. పెళ్లి జరిగింది, కాపురమే కుదరలేదు. మధ్యలో గాజు బిగించిన అడాప్టర్ వాడితే దూరం తిరిగొస్తుంది కానీ ఫొటోలో చురుకు పోతుంది. పాత గాజు మీద మోజుతో కదా ఈ తంటా అంతా, దాని వెనక ఇంకో గాజుముక్క అతికించడానికా?

నేనేమీ గొణిగే రకం కాదు. లోపల ఫంగస్ సాలెగూడులా అల్లుకుంటే సర్దుకున్నాను. వెలుతురును అదుపు చేసే ఎపర్చర్ రెక్కలు నూనె అంటుకుని బద్ధకిస్తే వయసు అనుకున్నాను. వెలుతురు కొలిచే మీటరింగ్ పనిచేయకపోతే అందాజాగా కొట్టాను. అవేవీ నాకు మాట ఇవ్వలేదు కదా. నువ్వు ఇచ్చావు! నల్ల లోహంలో చెక్కి, తెల్లరంగు నింపి మరీ ఇచ్చావు. అబద్ధమాడేవాడు కనీసం పెన్సిల్‌తో రాస్తాడయ్యా!

ఆ కోపంలో ఫొటోలన్నీ చెరిపేస్తుంటే ఆఖర్న ఒకటి మిగిలింది. దిగి వస్తూ విసుగ్గా కొట్టింది, గడ్డిపరక మీద మంచుబొట్టు. కొండల్ని మింగిన ఆ అదనపు ఎడమే లెన్సును మామూలుకన్నా దగ్గరికి వెళ్లనిచ్చింది. వెనకంతా వెన్నలా కరిగిపోయింది. జూమ్ చేశాను. బొట్టు లోపల, తలకిందులుగా, అంచులతో సహా, పొద్దుటి నుంచీ నాకు దొరకని కొండలు.

సరే. వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాం. నీ మీద మాత్రం నల్లటేపు వేస్తాను.

ఇట్లు,
మూడు మీటర్ల లోపు తమ విధేయుడు